థీసిస్‌లో మార్జిన్లు, లైన్ స్పేసింగ్: వర్డ్‌లో ఎక్కడ మొదలుపెట్టాలి?

అక్కా, అన్నా, అమెరికాకి కొత్తగా వచ్చాను. థీసిస్ గైడ్‌లో ఎడమవైపు 1.5 అంగుళాలు, మిగతా మూడు వైపులా 1 అంగుళం, డబుల్ స్పేసింగ్ అని ఉంది. వర్డ్‌లో ఇప్పటికే 60 పేజీలు రాసేశాను, ఇప్పుడు ఎలా సరిచేయాలి?

తమ్ముడూ, మార్జిన్ల జోలికి వెళ్లేముందు లేఅవుట్‌లో పేపర్ సైజు చూడు. వచ్చేటప్పుడు తెచ్చుకున్న ల్యాప్‌టాప్ అయితే ఏ4 ఉండే అవకాశం ఎక్కువ, ఇక్కడేమో లెటర్, 8.5 ఇంటూ 11 అంగుళాలు, ఏ4 దానికంటే 18 మిల్లీమీటర్లు పొడవు. నేను ఇది చూసుకోకుండా ప్రింట్ తీస్తే ప్రింటర్ పేజీని కుదించేసింది, స్కేలు పెట్టి చూస్తే పైన అంగుళం లేదు, అక్షరాలూ చిన్నవైపోయాయి, డెడ్‌లైన్ ముందురోజు మొత్తం మళ్లీ తీయాల్సొచ్చింది. అందుకే పీడీఎఫ్ ప్రింట్ చేసేటప్పుడు ఫిట్ కాదు, యాక్చువల్ సైజ్ పెట్టు. ఎడమ 1.5 అడిగింది బైండింగ్ కోసం కాబట్టి ఎడమలోనే 1.5 పెట్టేసి గట్టర్ (బైండింగ్ కోసం మార్జిన్‌కి అదనంగా వదిలే ఖాళీ) సున్నా ఉంచు, రెండూ పెడితే రెండూ కలిసిపోతాయి.

స్పేసింగ్‌కి మాత్రం కంట్రోల్ ఏ కొట్టి డబుల్ పెట్టకు, ఫుట్‌నోట్లు కాకపోయినా టేబుళ్లు, టైటిల్ పేజీ, కోటేషన్లు అన్నీ సాగిపోతాయి. థీసిస్‌లోని మామూలు పేరాల్ని నార్మల్ స్టైల్‌లో ఉంచకు, దానిమీద ఆధారపడే స్టైల్స్ చాలా ఉంటాయి, బాడీ టెక్స్ట్ అనే స్టైల్ వేరే ఉంది, దాన్ని మాడిఫై చేసి డబుల్ పెట్టి, ఆఫ్టర్ దగ్గర ఉన్న పాయింట్లు సున్నా చెయ్యి, పేరాల మధ్య ఎక్కువ గ్యాప్ వచ్చేది దానివల్లే. ఎక్కడినుంచో పేస్ట్ చేసిన పేరా మాట వినకపోతే దానిమీద కర్సర్ పెట్టి కంట్రోల్ క్యూ నొక్కు, పేరాకి విడిగా పెట్టిన స్పేసింగ్ పోయి స్టైల్‌లో ఉన్నదే వస్తుంది.

ఇంకోటి కలుపుతున్నా. వెడల్పు టేబుల్ ఉంటే దాన్ని మార్జిన్‌లోకి తోసేయొద్దు తమ్ముడూ, ముందూ వెనకా సెక్షన్ బ్రేక్ నెక్స్ట్ పేజ్ పెట్టి ఆ ఒక్క పేజీని ల్యాండ్‌స్కేప్ చెయ్యి, అప్పుడు బైండింగ్ అయ్యే అంచు పైకొస్తుంది, అంటే 1.5 అంగుళాలు పైన ఉండాలి, తిప్పాక అది ఒకసారి చూసుకో. వర్డ్ కాకుండా లేటెక్‌లో (కోడ్ రాసి డాక్యుమెంట్ తయారుచేసే సాఫ్ట్‌వేర్) రాసేవాళ్లకైతే మార్జిన్లకి జియోమెట్రీ, స్పేసింగ్‌కి సెట్‌స్పేస్ ప్యాకేజీ చాలు, ఫుట్‌నోట్లని సింగిల్‌లోనే ఉంచుతుంది.

60 పేజీలే కదా, ఈ సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది, ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడే అడుగు.