పార్కిన్సన్స్ గురించి తెలుగులో నేర్పించే తరగతులు ఉన్నాయా?

మా నాన్నగారికి 68 ఏళ్లు. ఖమ్మంలో ఉంటాం. పార్కిన్సన్స్ (కదలికలు నెమ్మదించి, ఒళ్లు బిగుసుకుపోయే మెదడు జబ్బు) అని తెలిసి నాలుగేళ్లయింది. సిండోపా 110 మాత్ర (ఇందులో అసలు మందు లెవోడోపా) ఉదయం 7, మధ్యాహ్నం 1, రాత్రి 7కి వేసుకుంటారు. ఉదయం 11 దాటాక మందు బలం తగ్గి, గుమ్మం దగ్గర కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతారు. పప్పన్నం తినగానే వేసుకుంటే మందు సరిగా పనిచేసేది కాదు. ప్రోటీన్ లెవోడోపాను అడ్డుకుంటుందని ఈమధ్యే తెలిసి, ఇప్పుడు భోజనానికి అరగంట ముందే ఇస్తున్నాం. ఈ ఒక్క మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎన్నో నెలల బాధ తప్పేది.

డాక్టరుగారి దగ్గర దొరికేది ఐదు నిమిషాలు. ఆసుపత్రిలో ఇచ్చిన పుస్తకం ఇంగ్లిషులో ఉంది. నేను చదివి చెబితే "నువ్వేమైనా డాక్టరువా?" అంటారు. రెండు నెలలు ఆన్‌లైన్ క్లాసుల్లో కూర్చోబెట్టాను. హిందీ, ఇంగ్లిషు అర్థంకాక మానేశారు. నేను చూసిన తెలుగు వీడియోలు జబ్బు లక్షణాలు చెప్పి ఆగిపోతున్నాయి. ఆయనకు కావాల్సింది కాళ్లు ఆగిపోకుండా నేలమీద గీతలు చూస్తూ అడుగు వేయడం, గొంతు పెంచి మాట్లాడటం, పొలమారకుండా మింగడం. పక్కనుండే అమ్మకూ ఇవన్నీ తెలియాలి. పడిపోతారేమోనని ఆమెకు రోజంతా టెన్షనే.

రోగి, చూసుకునేవాళ్లు కలిసి తెలుగులో నేర్చుకునే కార్యక్రమానికి మీలో ఎవరైనా వెళ్లారా? హైదరాబాద్, విజయవాడల్లో గానీ ఆన్‌లైన్‌లో గానీ, ఎక్కడ జరుగుతోంది?