అప్‌డేట్: ఆయిల్ శాంపిల్ రిపోర్టులు వచ్చాయి

తిరుపతి–తిరుమల తిరిగే నా డీజిల్ టాక్సీకి ఆయిల్ 10,000 బదులు 15,000 కిలోమీటర్లకు మార్చవచ్చా అని ఇదివరకు ఇక్కడ అడిగాను. ఊహలొద్దు, వాడిన ఆయిల్ శాంపిల్ ల్యాబ్‌కి పంపమని ఇక్కడివాళ్లు అన్నారు. పంపాను.

ఇంజిన్ వేడిగా ఉండగానే డ్రెయిన్ బోల్టు విప్పి, మొదట కారిన మడ్డిని వదిలేసి, మధ్య ధారను సీసాలో పట్టాను. 10,000 దగ్గర ఐరన్ (ఇంజిన్ భాగాల అరుగుదలకు గుర్తు) 22 పీపీఎం (పది లక్షల్లో 22 భాగాలు), సిలికాన్ (దుముకు గుర్తు కాదు, దుమ్ముకు గుర్తు) 8. అదే ఆయిల్ 13,000కి వచ్చేసరికి ఐరన్ 61, సిలికాన్ 34! ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

కిలోమీటర్లు పెరిగితే ఐరన్ కొంత పెరగడం మామూలే. కానీ సిలికాన్ కూడా దానితోపాటు ఎగబాకిందంటే ఇంజిన్ దుమ్ము మింగుతోందన్నమాట. మెకానిక్ అన్న టార్చి వేసి వెతికితే, ఎయిర్ ఫిల్టర్ నుంచి టర్బోకి (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే భాగం) వెళ్లే రబ్బరు గొట్టం అడుగున, క్లిప్పు పక్కనే, గోరు పట్టేంత పగులు. లోపల వేలు పెడితే ఎర్రటి మెత్తటి దుమ్ము అంటింది. బేరింగులు అరిగితే పెరిగే కాపర్, లెడ్ అంకెలు కదల్లేదు కాబట్టి బేరింగులు బాగానే ఉన్నట్టు. చిక్కదనం కూడా సరిగ్గానే ఉంది. అంటే తప్పు ఆయిల్‌ది కాదు.

గొట్టం, ఫిల్టర్, ఆయిల్ మార్చాను. 5,000 దగ్గర మళ్లీ పంపితే సిలికాన్ 6, ఐరన్ 12.

ఘాట్‌లో బండి ఎక్కువసేపు చిన్న గేర్లలోనే పోతుంది. మీటరు మీద కనపడేదానికంటే ఇంజిన్ తిరిగేది ఎక్కువ. అందుకే ప్రస్తుతానికి 10,000కే మారుస్తాను. ఇంకో రెండు రిపోర్టులు నిలకడగా వస్తే 12,000 చూస్తా. శాంపిల్ పంపమని పట్టుబట్టిన అన్నకు చాలా థ్యాంక్స్, నా ఇంజిన్ పాడవకుండా బతికింది.