ఫంక్షన్ హాల్ మెట్ల మీద పడి అమ్మకి తుంటి ఎముక విరిగింది, డిశ్చార్జ్ పేపర్ల మాత్రం ఇంట్లో పడ్డట్టు రాసుంది

ఉప్పల్_పోరడు:
అందరికీ నమస్తే. పోయిన నెల మా పెదనాన్న కొడుకు పెళ్లికి నాగోల్ వైపు ఒక ఫంక్షన్ హాల్‌కి పోయినం, భోజనాలు సెల్లార్‌ల పెట్టిన్రు, దిగే మెట్ల కాడ లైట్ లేదు, ఒక మెట్టుకి గ్రానైట్ ఊడిపోయి ఉంటే సరి చేయించకుండా పైనుంచి కార్పెట్ పరిచేసిన్రు, ఇంక ఎవరికి కనపడతది. అమ్మ (61 ఏళ్లు) కాలు పెట్టింది, కార్పెట్ కుంగింది, పడ్డది. తుంటికి ఆపరేషన్, అంతా కలిపి 3 లక్షల 40 వేలు. మేనేజర్ని అడిగితే "చూస్కొని దిగాలె కదా" అంటడు, పైగా 'ఏం జరిగినా యాజమాన్యానికి సంబంధం లేదు' అన్న బోర్డు చూపిస్తడు. ఇంకో తలనొప్పి ఏందంటే, క్యాజువాలిటీల మా బావ పోలీస్ కేసంటే ట్రీట్‌మెంట్ లేటయితదేమోనని భయపడి ఇంట్లో జారిపడ్డది అని చెప్పిండు. డిశ్చార్జ్ సమ్మరీల అదే ఎక్కింది. ఇప్పుడు ఏమన్న చేయొచ్చా? లాయర్‌కి పెట్టే పైసల్లేవు.

చాయ్_బిస్కెట్:
వదిలెయ్ బ్రో, హాలోళ్ల వెనక ఎవరో ఒకరు ఉంటరు. పైగా పెద్దనాన్నోళ్లతో మాటలు పడతవ్.

నల్లకోటు:
వదిలేయొద్దు. నేను కన్స్యూమర్ కేసులు చూస్తుంటా కాబట్టి చెప్తున్నా. హాల్ బుక్ చేసింది మీ పెదనాన్న అయినా, వాళ్ల పిలుపు మీద వచ్చి ఆ సర్వీస్ వాడుకున్నవాళ్లు కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో వినియోగదారులే అని వాదించొచ్చు. కేసు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయాలి, రెండేళ్ల టైం ఉంది, మీరు ఉండే చోటే వేసుకోవచ్చు, హాల్ కిరాయి 5 లక్షల లోపైతే ఫీజు కూడా ఉండదు. బోర్డు పెట్టినంత మాత్రాన బాధ్యత పోదు. మెట్టు పోయిందని మాకు తెల్వదు అనే మాట కూడా అంత ఈజీగా చెల్లదు, ఢిల్లీ చాందినీ చౌక్‌లో గడియార స్తంభం కూలిన కేసులో లోపం బయటికి కనపడలేదని మున్సిపాలిటీ అంటే సుప్రీంకోర్టు 1966లోనే ఒప్పుకోలేదు. లాయర్ సంగతికొస్తే, ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఫ్రీ లాయర్‌ని ఇస్తారు, 15100కి ఫోన్ చేయండి లేదా పురానీ హవేలీ కోర్టులో న్యాయసేవాధికార సంస్థకి అమ్మ ఆధార్, హాస్పిటల్ బిల్లులు పట్టుకుని వెళ్లండి.
అసలు ఇబ్బంది ఆ డిశ్చార్జ్ సమ్మరీతోనే. అవతలి లాయర్ మొదట పట్టుకునేది అదే. అమ్మని ఎట్లా తీసుకెళ్లారు?

ఉప్పల్_పోరడు:
108లనే సార్, హాల్ గేట్ కాడ ఎక్కించుకున్నరు.

నల్లకోటు:
అదే పెద్ద ఆధారం, ఎక్కడినుంచి ఎక్కించుకున్నారో వాళ్ల రికార్డులో ఉంటుంది, ఆర్టీఐ పెట్టి అడగండి, 10 రూపాయల పని. హాస్పిటల్‌కి రాసిచ్చి కేస్ షీట్ మొత్తం కాపీ తీసుకోండి, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. మీ బావ ఎందుకు అట్లా చెప్పాడో ఉన్నదున్నట్టు అఫిడవిట్ ఇవ్వాలి, దాచితే మొదటికే మోసం. ఆ తర్వాత హాల్‌కి స్పీడ్ పోస్టులో నోటీసు. పోలీస్ కంప్లైంట్ ఇవ్వొచ్చు, ఎముక విరిగింది కాబట్టి బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత, ఐపీసీ బదులు వచ్చిన చట్టం) సెక్షన్ 125 కిందకి వస్తుంది, కానీ దానితోనే హాస్పిటల్ ఖర్చు చేతికి రాదు.

మలక్‌పేట్_అక్క:
తమ్ముడూ, ముందు ఆ మెట్టు ఫోటో తియ్. మా చెల్లి ఒక షాపులో పడ్డప్పుడు మేం నాలుగు రోజులు ఆగి పోతే కొత్త టైల్స్ వేసి పాలిష్ కూడా పెట్టేసిండ్రు. దొరక్కపోతే పెళ్లి వీడియో అతన్ని పట్టుకో, ఎడిట్ చేసింది కాదు, మొత్తం ఫుటేజ్ అడుగు. భోజనాలకి దిగేటప్పుడు పెండ్లికొడుకు వెనకాలే కెమెరా ఉంటది కదా.

ఉప్పల్_పోరడు:
అక్కా నువ్వన్నదే అయ్యింది, పొద్దున పోతే మెట్టుకి కొత్త గ్రానైట్, సిమెంట్ ఇంకా ఆరలే, దాన్నే ఫోటో తీసిన. వీడియో అతనికి ఫోన్ చేసిన, మెట్ల మీద కార్పెట్, చీకటి అన్నీ క్లియర్‌గ ఉన్నయట. కాకపోతే పెదనాన్న ఆల్బమ్ బ్యాలెన్స్ 40 వేలు కట్టేదాకా హార్డ్ డిస్క్ ఇయ్యనంటుండు.