యాంగిల్ టాలరెన్స్‌కి ఏ వైపు చూడాలి? పొట్టిదా, పొడుగుదా?

రాయగడ లేత్:
అన్నలకి నమస్కారం. రాయగడలో మాది చిన్న జాబ్ షాపు, నాన్నా నేనూ చూసుకుంటాం. ఒక మిల్లుకి స్టీలు బ్రాకెట్లు చేసి పంపితే ఇన్‌స్పెక్షన్లో లాటు మొత్తం తిప్పి పంపీశారు. డ్రాయింగులో కోణం 60°, పక్కన టాలరెన్స్ (ఎంత తేడా ఒప్పుకుంటారో) లేదు. టైటిల్ బ్లాకులో (డ్రాయింగు వివరాల గడిలో) మాత్రం ఐఎస్ఓ 2768-ఎం అని ఉంది, టాలరెన్స్ రాయని కొలతలకి వాడే స్టాండర్డు అది. కోణానికి ఒక వైపు 40 మి.మీ., రెండోది 180. బెవెల్ ప్రొట్రాక్టరుతో చూస్తే 60° 20 నిమిషాలు (డిగ్రీలో 60వ వంతు ఒక నిమిషం) వచ్చింది. వాళ్లు 180 పట్టుకుని ±10 నిమిషాలే అంటున్నారు. పొట్టి వైపే లెక్కని నాన్న. మెటీరియల్ మాదే, ఎవరి మాట రైటు?

జయపురం టూల్‌రూమ్:
నాన్నగారిదే రైటు తమ్ముడూ. ఆ స్టాండర్డు పట్టికలో కోణానికున్న రెండు భుజాల్లో పొట్టిదాని పొడవే చూడాలి. ఎం (మీడియం) క్లాసుకి 10 మి.మీ. వరకు ±1°, 50 వరకు ±30 నిమిషాలు, 120 వరకు ±20, 400 వరకు ±10, ఆ పైన ±5. మీది 40 కాబట్టి ±30. మీ పీసులు పాస్. మన ఇండియన్ స్టాండర్డు ఐఎస్ 2102 మొదటి భాగంలోనూ ఇదే పట్టిక, అది చూపించండి.

బరంపురం డ్రాయింగ్:
పట్టిక ప్రకారం పాసే. కానీ ఆ 20 నిమిషాలకి 180 మి.మీ. చివర దగ్గర దగ్గర 1 మి.మీ. పక్కకి పోతుంది. ఆ చివర దేని మీద కూర్చుంటుందో అడగండి బాబూ. అక్కడ బోల్టు హోలు కలవాలంటే డిజైనరు కోణం పక్కనే టాలరెన్స్ రాసుండాలి. రాయకుండా మీ మీద నష్టం పెట్టడం అన్యాయం. ఇంకోటి, జనరల్ టాలరెన్స్ (విడిగా రాయనప్పుడు వాడే ఈ పట్టిక) దాటినా సరే, పని చెడనంతవరకు దానికదే రిజెక్ట్ కాదని ఆ స్టాండర్డులోనే ఉంది. మీవైతే దాటనేలేదు.

రాయగడ లేత్:
చాలా థాంక్స్ అన్నా. మూలలు 90°గా గీశారు గానీ అంకె వేయలేదు. వాటికీ ఇదేనా?

జయపురం టూల్‌రూమ్:
ఇదే. అంకె లేకపోయినా 90°కి ఈ పట్టికే. 2768-ఎంకే అని ఉంటే మాత్రం ఐఎస్ఓ 2768 రెండో భాగంలోకి వెళ్లాలి, అక్కడ లెక్క మిల్లీమీటర్లలో: పొట్టి వైపు 100 వరకు 0.4, 300 వరకు 0.6. ఆ భాగాన్ని 2021లో తీసేసి ఐఎస్ఓ 22081 తెచ్చారు, పాత డ్రాయింగుల్లో ఇంకా కనిపిస్తుంది. మీ టైటిల్ బ్లాకులో ఎం తర్వాత ఇంకో అక్షరం ఉందేమో చూసి వెళ్లండి.