ప్రైమర్ (2004): పెట్టె లెక్క ఎక్కడ తప్పుతోంది?

నల్లకుంట రీల్:
షేన్ కారూత్ తీసిన ప్రైమర్ చూశాను. నిడివి 77 నిమిషాలే. గ్యారేజీలో ఇంజినీర్ల గొడవ సగం అర్థం కాకపోయినా నడిచిపోయింది గానీ, వాళ్ళలో ఏబ్, ఏరన్ అనే ఇద్దరూ తాము కట్టిన టైమ్ మెషీన్ పెట్టెలో దూరడం మొదలుపెట్టాక లెక్క తప్పింది. వెనక్కి వెళ్ళే యంత్రం చేతిలో ఉండగా పగలంతా హోటల్ గదిలో ఎందుకు కూర్చుంటారు? ఫోన్ మోగగానే ముఖాలు ఎందుకు మాడిపోతాయి? ఇంకోటి, అమ్మానాన్నలకి చూపిద్దామని తెలుగు సబ్‌టైటిల్స్ నేనే రాస్తున్నా. టీవీలో పెడితే అన్నీ డబ్బాలే. ల్యాప్‌టాప్‌లో అక్షరాలు వస్తున్నాయి కానీ సినిమా చివరికొచ్చేసరికి మాటకీ అక్షరానికీ పొంతన ఉండట్లేదు.

టైమ్‌లైన్_తాత:
ముందు ఆదిత్య 369ని తలలోంచి తీసేయండి. అందులో రాయల కాలానికైనా 2504కైనా యంత్రమే మోసుకెళ్తుంది. ఇక్కడి పెట్టె ఎక్కడికీ కదలదు. దాన్ని ఆన్ చేసిన క్షణం కన్నా వెనక్కి పోవడం కుదరదు. లోపల ఎంతసేపు కూర్చుంటే అంతసేపే వెనక్కి. నాకు తెలిసి ఇంత పిసినారి టైమ్ మెషీన్ ఇంకో సినిమాలో లేదు, అందం కూడా అదే.

కాగితం మీద గీసుకోండి. ఉదాహరణకి ఉదయం 9కి పెట్టె ఆన్ చేసి హోటల్‌కి పోతారు. మధ్యాహ్నం 3 దాకా గదిలోనే. ఏ షేరు పెరిగిందో చూసుకుని, 3కి పెట్టె ఆపుతూ లోపల దూరతారు. అందులో 6 గంటలు గడిపి తలుపు తీస్తే బయట ఉదయం 9. మళ్ళీ 3 దాకా అదే పగలు, ఈసారి ఆ షేరు కొంటూ. గోడ గడియారానికి 6 గంటలు, ఒంటికి 18.

ఇప్పుడు 11 గంటల దగ్గర నిలువు గీత గీయండి. అది ఒకే మనిషిని మూడు చోట్ల తాకుతుంది: హోటల్లో ఒకడు, పెట్టెలో కాలంలో వెనక్కి పోతున్నవాడు ఒకడు, బయట షేర్లు కొంటున్నవాడు ఒకడు. 3 కాగానే హోటల్‌వాడు పెట్టెలోకి వెళ్ళిపోతాడు, మిగిలేది ఒక్కడు. అతను వెళ్ళలేదో, ఇద్దరూ శాశ్వతంగా ఉండిపోతారు. సినిమా రెండో సగమంతా ఈ ఒక్క వాక్యం మీదే నడుస్తుంది.

హోటల్ అందుకే. మొదటివాడు ఊళ్ళో తిరిగితే రెండోవాడికి ఎదురుపడతాడు, లేదా వాడు చేయబోయే పనిని చెడగొడతాడు. పెట్టెకి టైమర్ పెట్టడమూ అందుకే. ఆన్ అయిన మరుక్షణం లోపలివాడు బయటికొస్తాడు కాబట్టి, ఆన్ చేసినవాడు అప్పటికే దూరంగా పోయి ఉండాలి.

మెహదీపట్నం_సిగ్నల్:
తాతగారి గీత మీదే ఫోన్ పెట్టి చూడండి. ఏరన్ సెల్‌ఫోన్‌ని జేబులో మర్చిపోయి పెట్టెలోకి తెచ్చేశాడు. అంటే రెండో పగటిపూట ఒకే నంబరుతో రెండు ఫోన్లు బతికున్నాయి, ఒకటి హోటల్లో, ఒకటి ఇతని జేబులో. నెట్‌వర్క్ వెతుక్కుంటూ పోయి ముందు దొరికినదాన్ని మోగించి ఆగిపోతుందనేది ఏబ్ అనుమానం. అది నిజమైతే మొదటిసారి హోటల్లో మోగిన కాల్ ఈసారి అక్కడ మోగలేదు. హోటల్‌వాడి రోజు మారిపోయింది. వాళ్ళు భయపడేది అందుకు.

రెండోసారి చూసేటప్పుడు రెండు చోట్ల చెవి పెట్టండి. (ఇక్కడి నుంచి కథ బయటపడుతుంది.) మొదట్లో ఏరన్ ఇంటి అటక మీద చప్పుడు. ఆ తర్వాత ఏరన్ చెవిలో ఇయర్‌పీస్, మ్యాచ్ వింటున్నానంటాడు. వినేది మ్యాచ్ కాదు, అదే రోజు తను ముందే రికార్డు చేసుకున్న సంభాషణలు. అప్పటికే అతను వెనక్కి వచ్చినవాడు. ఏబ్ దాచిపెట్టి ఆన్‌లో ఉంచిన రెండో పెట్టె ఒకటుంది, ఈ చిక్కుకి తాళంచెవి అక్కడుంది. కాగితం మీద దానికి వేరే రంగు వాడండి, లేకపోతే గీతలు కలిసిపోతాయి.

సబ్‌టైటిల్ సుబ్బులు:
డబ్బాలు వస్తే ఆ టీవీ ప్లేయర్‌లో తెలుగు ఫాంట్ లేనట్టు. పిచ్చి గుర్తులు వస్తే ఎన్‌కోడింగ్ (ఫైల్లో అక్షరాలు దాచే పద్ధతి) తప్పు, ఫైల్‌ని యూటీఎఫ్-8లో సేవ్ చేయండి. ఒత్తులు విడిపోయి పక్కన పడుతుంటే ప్లేయర్‌కి అక్షరాలు కలపడం రాదు. టీవీతో కుస్తీ పట్టకుండా ల్యాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టి, వీఎల్‌సీ 3 వీడియో ప్లేయర్‌లో నోటో సాన్స్ తెలుగు ఫాంట్ ఎంచుకోండి.

పొంతన సంగతి: మొదటి డైలాగు, చివరి డైలాగు రెండూ చూడండి. తేడా రెండు చోట్లా ఒకటే అయితే వీఎల్‌సీలో జి, హెచ్ మీటలతో జరిపితే చాలు. పోనుపోను పెరుగుతుంటే ఫ్రేమ్ రేట్ (సెకనుకి ఎన్ని బొమ్మలు) గొడవ. 23.976కి రాసినది 25 వీడియో మీద పెడితే ఈ సినిమాకి చివర్లో దాదాపు 3 నిమిషాల తేడా తేలుతుంది. సబ్‌టైటిల్ ఎడిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ రేట్ మార్చేయండి, చేత్తో ఒక్కో లైను జరుపుతూ కూర్చోకండి.

ఇందులో ఒకరి మాట మీద ఒకరు మాట్లాడతారు. అంతా రాస్తే తెరంతా తెలుగే. రెండు లైన్లు దాటొద్దు. గ్యారేజీ సాంకేతిక పదాలు కోసేసినా నష్టం లేదు గానీ టైము, అంకెలు చెప్పే ముక్క ఒక్కటీ వదలొద్దు.

ఈసీఐఎల్ క్రాస్‌రోడ్:
అమ్మానాన్నలకి మొదటే ప్రైమరా? పాపం అండీ. ముందు కొహెరెన్స్ (2013) పెట్టండి. జేమ్స్ వార్డ్ బిర్కిట్ తన ఇంట్లోనే 5 రాత్రుల్లో తీశాడు. నటులకి పూర్తి స్క్రిప్టు ఇవ్వకుండా, ఏ రోజుకారోజు ఎవరి చీటీ వాళ్ళకిచ్చాడు. భోజనానికి చేరిన స్నేహితులు, పైన తోకచుక్క, కరెంటు పోవడం. కాగితం పెన్ను అక్కర్లేదు, ఎవరి చేతిలో నీలం లైటు కర్ర, ఎవరి చేతిలో ఎరుపు అన్నది గుర్తుపెట్టుకుంటే చాలు.

టైమ్‌లైన్_తాత:
దీనికీ ఒప్పుకుంటా. కాకపోతే కర్రల రంగులు చెప్పేశారు, అది వాళ్ళనే కనిపెట్టనివ్వాల్సింది.