హిజ్కియా కట్టిన కప్పం: బైబిలునూ అష్షూరు శాసనాలనూ కలిపి ఎలా చదవాలి?

ప్రశ్న

అందరికీ వందనాలు. రాజుల గ్రంథాలనూ దినవృత్తాంతాలనూ పక్కపక్కన పెట్టుకుని ప్రాచీన ఇశ్రాయేలు చరిత్రను కొన్ని నెలలుగా వరుసగా చదువుతున్నాను. యూదా రాజు హిజ్కియా దగ్గరికి వచ్చేసరికి చదువు ముందుకు సాగడం లేదు. 2 రాజులు 18:14-16లో హిజ్కియా తనదే తప్పని ఒప్పుకుంటూ యూదా పట్టణమైన లాకీషులో దిగిన అష్షూరు రాజు సన్హెరీబుకు కబురు పంపాడనీ, మందిరపు తలుపులకు తానే వేయించిన బంగారాన్ని ఊడదీసి ఇచ్చాడనీ ఉంది. 2 దినవృత్తాంతాలు 32లో ఈ కప్పం ఊసే లేదు. మరోవైపు సన్హెరీబు తన శాసనంలో యూదాలోని 46 ప్రాకార పట్టణాలను పట్టుకున్నాననీ, హిజ్కియాను పంజరంలో పక్షిలా యెరూషలేములో బంధించాననీ చెప్పుకున్నాడు. బైబిలు మాత్రం యెహోవా దూత అష్షూరు దండులో 1,85,000 మందిని హతం చేశాడని చెబుతోంది. విశ్వాసి అయినవాడు ఈ మూడు కథనాలనూ కలిపి చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? శాసనాలను పక్కన పెట్టుకుని వాక్యాన్ని చదవడం విశ్వాసానికి లోటవుతుందా?

మొదటి సమాధానం

లోటు కాదు సహోదరా, పైగా ఈ ఘట్టాన్ని అలా చదివితేనే దాని బరువు తెలుస్తుంది. ఇది క్రీ.పూ. 701 నాటి దండయాత్ర. సన్హెరీబు దాన్ని ఆరు ముఖాల మట్టి దిమ్మెల మీద రాయించాడు. కప్పం విషయంలో రెండు కథనాలూ ఎంత దగ్గరగా ఉన్నాయో ముందు గమనించండి. హెబ్రీ మూలంలో 30 తలాంతుల బంగారం, 300 తలాంతుల వెండి అని ఉంటే, శాసనంలో 30 తలాంతుల బంగారం, 800 తలాంతుల వెండి అని ఉంది. మన పాత తెలుగు అనువాదంలో తూకాన్ని మణుగుల్లో ఇచ్చారు కాబట్టి అంకెలు వేరుగా కనిపిస్తాయి, దానికి కంగారు పడనక్కరలేదు. వెండి లెక్కలోని తేడాకు పండితులు రకరకాల కారణాలు చెప్పారు గానీ, శత్రువులుగా ఉన్న రెండు పక్షాలూ బంగారం లెక్కలో ఏకీభవించడం నాకు మరింత విలువైన సంగతిగా తోస్తుంది.

ఇక లాకీషు సంగతి. బైబిలు ఆ పట్టణం పేరును దాటుకుంటూ పోతుంది గానీ, సన్హెరీబు నీనెవెలోని తన రాజభవనంలో ఒక గది గోడల నిండా లాకీషు ముట్టడినే చెక్కించుకున్నాడు. ఆ రాతి పలకలు ఇప్పుడు లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. గోడ మీదికి ఎక్కడానికి పోసిన మట్టి దిబ్బ, దాని మీద కదిలే ముట్టడి యంత్రాలు, ఎడ్లబండి మీద సామానుతో పిల్లలను వెంటబెట్టుకుని బందీలుగా వెళ్లిపోతున్న కుటుంబాలు, సింహాసనం మీద కూర్చుని చూస్తున్న రాజు అందులో కనిపిస్తారు. ఆ ముట్టడి దిబ్బ లాకీషు తవ్వకాల్లో కూడా బయటపడింది. యెరూషలేమును పట్టుకున్నానని మాత్రం సన్హెరీబు ఎక్కడా చెప్పుకోలేదు. ఆ మౌనం దూత చేసిన కార్యానికి రుజువు కాదని నేను నిజాయితీగా ఒప్పుకుంటాను. పట్టణం అతని చేతికి చిక్కలేదన్నంత వరకే శాసనం చెబుతుంది. ఎందుకు చిక్కలేదన్నది యెషయా ప్రవక్త మాటను బట్టి మనం నమ్ముతాం.

రెండవ సమాధానం

పై సమాధానానికి ఒక మాట చేర్చాలనిపించింది. యెషయా 36వ అధ్యాయం దాదాపు ఇదే కథను తిరిగి చెబుతుంది కానీ, అక్కడ కూడా కప్పం సంగతి లేదు. అంటే ఆ మూడు వచనాలను నిలబెట్టింది రాజుల గ్రంథకర్త ఒక్కడే. అతడే 18:5లో హిజ్కియా వంటి రాజు యూదా రాజుల్లో ముందూ లేడు, తరువాతా లేడు అని రాశాడు. అంతగా మెచ్చుకున్న రాజు మందిరపు తలుపుల బంగారం ఊడదీయించిన అవమానాన్ని అతడు దాచలేదు. తన రాజు ఓటమిని చెక్కించుకున్న అష్షూరు శాసనం నాకు ఇంతవరకూ కనబడలేదు.

దినవృత్తాంతాల గ్రంథకర్త బబులోను చెర నుండి తిరిగి వచ్చిన జనం కోసం రాశాడు. మందిరమూ ఆరాధనా మళ్లీ నిలబడాల్సిన కాలం కాబట్టి, 29 నుండి 31 వరకు మూడు అధ్యాయాలను హిజ్కియా చేసిన మందిర శుద్ధికీ పస్కాకూ కేటాయించాడు. అతని ఎంపికను అబద్ధంగా చూడకూడదు. యూదులు యెహోషువ నుండి రాజుల వరకు ఉన్న గ్రంథాలను పూర్వ ప్రవక్తలు అని పిలుస్తారు, ఆ పేరు మనమూ గుర్తుంచుకోవాలి, ఎందుకంటే అవి రాజుల ఘనతను చాటడానికి కాక ప్రవక్తల చూపుతో రాసినవి. ఉదాహరణకు అష్షూరువారు ఇశ్రాయేలును దాని రాజు ఒమ్రీ పేరుతో తరతరాలు ఒమ్రీ ఇల్లు అని పిలిచినా, అంతటి రాజు ఏలుబడిని 1 రాజులు 16 ఆరు వచనాల్లో ముగిస్తుంది. గ్రంథకర్త రాజులను కొలిచింది నిబంధన పట్ల వారి నమ్మకత్వంతో.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. యెషయా 36ను ఇప్పుడే తీసి చూశాను. నిజంగానే మొదటి వచనం తరువాత నేరుగా అష్షూరు రాజు పంపిన అధికారి రబ్షాకే రాకకు వెళ్లిపోయింది. ఇన్నేళ్లుగా చదువుతూ ఈ తేడాను గమనించలేదు. అయితే తవ్వకాల్లో దొరికేవాటిని మన విశ్వాసానికి ఆధారాలుగా చూపించవచ్చా?

మూడవ సమాధానం

చూపించవచ్చు కానీ, అవి చెప్పినంతే చెప్పాలి. 1993లో ఉత్తర ఇశ్రాయేలులోని తేల్ దాన్‌లో దొరికిన అరామిక శాసనంలో దావీదు ఇల్లు అనే మాట ఉందని చాలామంది పండితులు అంగీకరిస్తారు. ఆ పేరుతో ఒక రాజవంశం ఉండేదని దాని వల్ల తెలుస్తుంది, అంతేగాని దావీదు కీర్తనలు రాశాడని తెలియదు. హిజ్కియా నీటి సొరంగమే చూడండి. గిహోను ఊట నుండి సిలోయము కొలను దాకా సుమారు 533 మీటర్ల పొడవున బండను తొలిచారు. 1880లో అందులో దొరికిన శాసనం, రెండు వైపుల నుండి తవ్వుతూ వచ్చిన పనివారికి మధ్య మూడు మూరల బండ మిగిలినప్పుడు ఒకరి పిలుపు ఒకరికి వినబడిందని చెబుతుంది. అయితే అందులో ఏ రాజు పేరూ లేదు. 2 రాజులు 20:20తో కలిపి చదువుతాం కాబట్టే దాన్ని హిజ్కియా సొరంగం అంటున్నాం.

తరువాత మీకా 1వ అధ్యాయం చదవండి. మీకా లాకీషుకు దగ్గరలోని మోరెషెతు వాడు. 13వ వచనంలో లాకీషును పేరు పెట్టి పిలుస్తాడు. అది చదివాక యిర్మీయా 26:18-19 తీయండి. మీకా మాటలు విని హిజ్కియా యెహోవాకు భయపడ్డాడని, సుమారు నూరేళ్ల తరువాత దేశపు పెద్దల్లో కొందరు గుర్తుచేసుకోవడం అక్కడ కనిపిస్తుంది.