నాస్ ఫోల్డర్ ఫైల్ మేనేజర్‌లో తెరుచుకుంటోంది, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కనిపించట్లేదు

హన్మకొండలో మాది పెళ్లి వీడియోల స్టూడియో. ఫుటేజ్ అంతా నాస్‌లో (నెట్‌వర్క్‌కి తగిలించిన స్టోరేజ్ బాక్స్) ఉంటుంది, ఎడిటింగ్ సిస్టమ్‌లు ఉబుంటు లినక్స్‌వి. ఫైల్ మేనేజర్‌లో ఎస్‌ఎంబీ (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పద్ధతి) అడ్రస్ కొడితే ఫోల్డర్ తెరుచుకుంటుంది, క్లిప్పులు ప్లే కూడా అవుతాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఇంపోర్ట్ విండోలో మాత్రం దాని జాడే లేదు. క్లిప్పును లాగి టైమ్‌లైన్‌లో వేసినా ఫైల్ దొరకలేదంటోంది.

ఫైల్ మేనేజర్ చేసే మౌంట్ (నాస్ ఫోల్డర్‌ని సిస్టమ్‌కి కలపడం) అన్ని సాఫ్ట్‌వేర్లకూ అందదని చదివి, టెర్మినల్‌లో సీఐఎఫ్‌ఎస్‌తో (ఎస్‌ఎంబీ ఫోల్డర్‌ని లినక్స్‌కి కలిపేది) మౌంట్ చేశా. ఇప్పుడు కనిపిస్తోంది గానీ ప్రాజెక్ట్ అక్కడ సేవ్ చేయబోతే పర్మిషన్ లేదంటోంది. ఫోల్డర్ రూట్ (అడ్మిన్ యూజర్) పేరు మీద ఉంది మరి. ఎఫ్‌స్టాబ్‌లో (బూట్ అప్పుడు ఏవి మౌంట్ చేయాలో రాసే ఫైల్) నా యూఐడీ, జీఐడీ (యూజర్, గ్రూప్ నంబర్లు) ఇస్తే సరిపోతుందా? పొద్దున నాస్ ఆన్ చేయకముందే సిస్టమ్ ఆన్ చేస్తే బూట్ దగ్గరే ఆగిపోతుందేమోనని ఇంకో టెన్షన్. దానికి నోఫెయిల్ ఆప్షన్ (మౌంట్ కాకపోయినా బూట్ ఆగకుండా చూసేది) చాలా? ప్రతి పెళ్లినీ హార్డ్‌డిస్కులోకి కాపీ చేసుకోమని మాత్రం చెప్పకండి అన్నా, సీజన్‌లో అది అయ్యే పని కాదు.